ఇద్దరు కె. రంగసామిలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. కంటికి కనబడనివాటిలో నేను భయపడ్డది పరీక్ష పేపర్లు దిద్దే ప్రొఫెసర్లకే. ఇది చదివి మీరు నవ్వినా నాకు బాధ లేదు. ఇంకెవరైనా రాసి ఉంటే ముందు నేనే నవ్వేవాణ్ణి.

మాది కోయంబత్తూరు పక్కన తుడియలూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు. మా తాత అక్కడ ఒక అద్దె షెడ్డులో పంపుసెట్లు చేసే పట్టరై పెట్టాడు. చిన్న వర్క్‌షాపును మేం పట్టరై అంటాం, నాన్నను నైనా అంటాం. తాత పోయాక పట్టరై నైనా చేతికి వచ్చింది. ఆదివారం ఇంట్లో కూర్చోబెడితే మధ్యాహ్నానికల్లా జ్వరం వచ్చినవాడిలా మొహం పెట్టే మనిషి ఆయన. ఆ షెడ్డు లేకపోతే ఏమైపోతాడో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

ఆ షెడ్డును యజమాని అమ్మకానికి పెట్టాడు. ఆడి నెల, అంటే ఇక్కడి ఆషాఢం, పోగానే రిజిస్ట్రేషన్. డబ్బుతో మేం వస్తే మాకు, లేకపోతే పక్క గోడౌన్ ఆయనకు. నేను లోనుకి దరఖాస్తు పెట్టాను.

బ్యాంకు మేనేజరు నా క్రెడిట్ రిపోర్టు చూసి కళ్లద్దాలు తీశాడు. పొల్లాచ్చిలో నేను మోటారు కోసం అప్పు తీసుకుని ఎగ్గొట్టానట. ఆ బాకీని వసూలు చేసే ఏజెన్సీకి అప్పగించారట. పొల్లాచ్చికి నేను పెళ్లిళ్లకి తప్ప వెళ్లలేదు. అక్కడ ఎగ్గొట్టినవేమైనా ఉంటే చదివింపులే.

తప్పు ఎక్కడ జరిగిందో ఊహించడం కష్టం కాదు. మా ఇంట్లో పెద్ద కొడుక్కి తాత పేరే పెడతారు. ఇక్కడివాళ్లందరిలాగే ఇంటిపేరు రాయకుండా తండ్రి పేరులోని మొదటి అక్షరం తగిలించుకుంటాం. కృష్ణసామి కొడుకు రంగసామి, మా తాత. ఆయన కొడుకు కృష్ణసామి, మా నైనా. ఆయన కొడుకు మళ్లీ రంగసామి, నేను. అంటే తాతా కె. రంగసామే, నేనూ కె. రంగసామే. అడ్రసూ ఒకటే. తాత ఎప్పుడో తీసుకున్న లేతు మెషిను లోను, నా జీతం ఖాతా, ఎవరో పొల్లాచ్చి కె. రంగసామి మోటారు, మూడూ కలిసి రిపోర్టులో ఒకే మనిషి అయిపోయాయి.

ఏజెన్సీ నుంచి ఫోన్ చేసే అమ్మాయి పేరు సెల్వి. మొదట తమిళంలో గద్దించింది. పక్కనున్న నైనాతో నేను తెలుగులో అన్న మాట విని, "మీరూ మనోళ్లేనా సార్? మాది చిన్నమనూరు, ఇంట్లో తెలుగే" అంది. ఆ తర్వాత తెలుగులోనే గద్దించింది.

"బాకీ నాది కాదమ్మా" అన్నాను.

"అందురూ అట్లనే చెప్తారు సార్. మీ ఇంట్లో మరియాదగా మాట్లాడేది మీ తాత ఒక్కరే."

"ఏ తాత?"

"రిపోర్టులో ఉండే ల్యాండ్‌లైను ఎత్తుతారే, ఆయన. 'తింటివా అమ్మిణీ' అని అడక్కుండా ఫోను పెట్టరు. ఈ పనిలో చేరినాక నన్ను ఆ మాట అడిగినది ఆయనొక్కరే సార్."

తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయన పోయిన ఏడాదే ఆ లైను తీయించేశాం. ఫోను మాత్రం పట్టరైలో అరమీద, బేరింగుల డబ్బాల పక్కన, తెగిన తీగతో పడి ఉంది. అమ్మిణీ అన్న పిలుపుకి నేను బెదరలేదు; కోయంబత్తూరులో సగం మంది ముసలాళ్లు ఆడపిల్లల్ని అలాగే పిలుస్తారు. నంబరు ఇంకెవరికో ఇచ్చి ఉంటారనుకుని నేనే చేసి చూశాను. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు మూడు భాషల్లో చెప్పింది.

మర్నాడు సాయంత్రం టీ వేళకి పట్టరైలో మెషిన్లన్నీ ఆగాక సెల్వికి ఫోన్ చేసి, నన్ను లైన్లో పెట్టుకునే ఆ నంబరుకి చేయమన్నాను. నైనా బయట టీ బండి దగ్గర ఉన్నాడు. నేను అర ముందు నిలబడి, నా గొంతు అవతలికి పోకుండా మొబైల్‌ను మ్యూట్‌లో పెట్టాను. తెగిన తీగ కొస చేతిలో పట్టుకున్నాను. ఇంజనీర్లకు రుజువులు కావాలి.

నా చెవిలో రింగు వినబడుతోంది. ఎదురుగా ఉన్న ఫోను ఉలకలేదు. ఎవరో ఎత్తారు.

"ఎవురూ?"

పొగాకు దవడకి పెట్టుకుని మాట సాగదీసే గొంతు. అది తాత గొంతు.

"తాతా, మీ మనవడు లైన్లో ఉండారు" అంది సెల్వి, సంబరంగా.

ఊపిరి వినబడుతోంది. దాని వెనకాల ఇంకో చప్పుడు. మా పట్టరై ఫ్యానుకి ఒక రెక్క వంగి ఉంటుంది, తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది. నా నెత్తిమీద అది టిక్కుమన్నప్పుడల్లా ఫోన్లోనూ టిక్కుమంటోంది.

అప్పుడే బయటినుంచి నైనా కేక వేశాడు: "రంగా, టీ ఆరిపోతాది, దా!"

ఆ కేక ఒక చెవికి గుమ్మంలోంచి వినబడింది. రెండో చెవికి ఫోన్లోంచి వినబడింది. నా మొబైల్ మ్యూట్‌లోనే ఉంది. ఆ కేక వినడానికి షెడ్డులో నేను తప్ప ఇంకెవరూ లేరు.

"మీ నైనా పిలస్తా ఉండాడు. పోరా" అంది ఆ గొంతు.

లైను కట్టయింది. నేను వెళ్లాను. వెళ్లకుండా ఉండే ధైర్యం లేదు. టీ చల్లారిపోయి ఉంది.

రాత్రికి తాత ఎప్పుడో పోయాడని సెల్వికి నిజం చెప్పాను. "అట్లయితే ఆయన డెత్ సర్టిఫికెట్ పంపండి సార్, ఇద్దుర్నీ వేరు చేస్తారు. నేను ఇంక ఆ నంబరుకి చేయను" అంది.

పంపాను. రిపోర్టులు తయారుచేసే కంపెనీవాళ్లు పని శ్రద్ధగా చేశారు. సర్టిఫికెట్‌లో కె. రంగసామి చనిపోయాడని ఉంది, అడ్రసు సరిపోయింది. వాళ్లు నన్ను చంపేశారు. పొల్లాచ్చి బాకీ మాత్రం బతికే ఉంది.

"నాకు నమ్మకమే సార్," అన్నాడు మేనేజరు, నన్ను కిందినుంచి పైదాకా చూసి, "సిస్టం ఒప్పుకోవట్లేదు."

బతికి ఉన్నానని ఫిర్యాదు పెట్టాను. పరిశీలిస్తున్నామన్నారు. ఆడి చివరికి వచ్చేసింది. గోడౌన్ ఆయన టేపు తెచ్చి షెడ్డు కొలుచుకున్నాడు. నైనా లేతుకి నూనె పెడుతూనే ఉన్నాడు, పెట్టినచోటే మళ్లీ.

ఆ రోజుల్లో నా భయం జోకులకి లొంగలేదు. అద్దంలో అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపు చూసుకునేవాణ్ణి. ఎవరైనా రంగసామీ అని పిలిస్తే, వెంటనే పలకాలంటే సందేహంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం సెల్వి ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"సార్, తాత చేసినారు. ఇన్ని దినాలూ మేమే చేస్తా ఉంటిమి. ఈ తడవ ఆయనే చేసినారు."

"ఏమన్నాడు?"

"'చచ్చినది నేను, వాడు కాదు. షెడ్డు పోతాది, బిరీన రాయి అమ్మిణీ' అన్నారు. ఏ షెడ్డు సార్?"

షెడ్డు సంగతి నేనామెకి ఎప్పుడూ చెప్పలేదు.

"రాసేసినాను సార్. ఆ బాకీ వేరే రంగసామిది, మీరు బతికే ఉండారు అని మా మేనేజరు చేత ఇప్పుడే పంపించినాను" అంది. ముక్కు చీదుకుని, "ఈ తడవ ఆయన నన్ను తింటివా అని అడగలేదు సార్" అంది.

రిపోర్టు సరిచేశారు. లోను వచ్చింది. ఆడి పోయిన వెంటనే షెడ్డు నైనా పేరున రిజిస్టరైంది. అసలు బాకీదారు కొబ్బరి వ్యాపారం చేసే పొల్లాచ్చి కె. రంగసామి దొరికాడు, కట్టేశాడు. అంతవరకూ అన్నిటికీ లెక్క కుదిరింది.

మిగతాది కుదరలేదు. ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదని టెలిఫోన్ ఆఫీసులో చెప్పారు. సెల్వి నాటకమాడిందనుకుందామంటే, నానుంచి ఒక్క పైసా అడగలేదు. పైగా ఆ వారమే ఉద్యోగం మానేసింది. నైనా కేక ఫోన్లోకి ఎలా వెళ్లిందో చెప్పగలిగే ఇంజనీరు నాకింకా తారసపడలేదు. నేను చెప్పలేను.

ఈ సంగతి నైనాకి ఇప్పటికీ చెప్పలేదు. షెడ్డుకి సున్నం వేయించిన రోజు అర ఖాళీ చేస్తూ, "ఈ పాడు ఫోను పారేద్దామా నైనా?" అన్నాను, మామూలుగా ఉండడానికి ప్రయత్నిస్తూ.

ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని గుడ్డతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"ఉండనీరా. మళ్లీ చేస్తే?"

మా ఇంట్లో జోకులు వేసేది నేనొక్కణ్ణే.