కంది దగ్గర మూలలు లేని ఇల్లు

పటాన్‌చెరులో మేముండేది ఒక్కటే గది. ఒక మూల స్టవ్వు, ఒక మూల నీళ్ల డ్రమ్ము, ఒక మూల దేవుడి పటాలు. నాలుగో మూల నాది. ఎవరైనా ఇంటికి వస్తే కొంగు సర్దుకుని అక్కడే కూర్చుంటాను. పెళ్లయి రెండేళ్లయినా అత్తవారి వైపు వాళ్ల ముందు నేను నోరు తెరిచింది తక్కువే. "మా మరదలు మూలకు వెట్టిన చీపురు లెక్క. పనికి ముందుంటది, ముచ్చటకు కానరాదు" అని మా ఆడబిడ్డ నలుగురినీ నవ్విస్తుంది. అలాంటి నేను పోయిన ఆదివారం ఒక్క మూల కూడా లేని ఇల్లు చూసి వచ్చాను. పక్కగదుల వాళ్లు తామూ వెళ్తామని, దారి చెప్పమని అడుగుతుంటే, ఒక్కసారే రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఆడబిడ్డను నేను వదిన అంటాను, ఆమె భర్తను అన్న అంటాను. అన్న మేస్త్రీ. కంది నుంచి శంకర్‌పల్లి పోయే దారిలో ఒక సేటు అమ్మకానికి కట్టించిన పెద్ద పెద్ద ఇళ్లలో గుండ్రటి ఇల్లు అన్న చేతి మీదుగా లేచిందే. కట్టడం అయ్యాక సేటు ఆ ఇద్దరినీ అక్కడే కాపలా పెట్టాడు. మిగతా ఇళ్లు ఒక్కొక్కటీ అమ్ముడుపోతున్నాయి కానీ గుండ్రటి ఇంటికి బేరం కుదరడం లేదు. వచ్చినవాళ్లంతా ఈశాన్యం మూల ఎక్కడుందని అడిగి వెళ్లిపోతున్నారు. శుక్రవారం వదిన మా ఆయనకు ఫోన్ చేసింది. "ఆదివారం ఆఖరి బేరం వస్తున్నది. ఇది గూడ తప్పితే దసరా కాంగనే గోడలు కూలగొట్టి నాలుగు మూలలు వెడ్తడట సేటు. ఇల్లంత కడగాలె, నా ఒక్కదానితోని కాదు. మరదల్ని తోల్కరా" అంది.

పొద్దున ఎనిమిదింటికి పటాన్‌చెరు బస్టాండులో సంగారెడ్డి బస్సు ఎక్కాము. మొదట్లో మందుల కంపెనీల వాసన బస్సులో కూడా వెంట వస్తుంది, కిటికీ వేసుకున్నా పోదు. రుద్రారం దాటాక గాలి మారుతుంది. కంది చౌరస్తాలో దిగడానికి ముప్పావుగంట కూడా పట్టదు, టికెట్టుకు పెద్ద ఖర్చేమీ కాదు. అక్కడి నుంచి శంకర్‌పల్లి రోడ్డు మీద షేరింగ్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై రూపాయలు. వెంచర్ పేరు చెప్పక్కర్లేదు, గుండ్రటి ఇల్లంటే చాలు.

"గోల్ ఘరా? ఎక్కుండ్రి" అన్నాడు ఆటో నడిపే పెద్దమనిషి. "ఎంతమందిని తీస్కపోయిన్నో. లోపలికి పోతప్పుడు వాహ్ వాహ్ అంటరు. బయటికొచ్చినంక కోనా నహీ, కోనా నహీ అంటరు, మూల లేదని."

"మా బావ కట్టిండు భాయ్ ఆ ఇల్లు" అన్నాడు మా ఆయన.

"అట్లనా? మంచిగ కట్టిండు మేస్త్రీ. జెర ఒక్క మూల వెడ్తె ఏం పోతుండె?"

గేటు దాటగానే నా నడక నెమ్మదించింది. మొదటి ఇంటి కప్పు బోర్లించిన పడవలా ఉంది. రెండో ఇంటి మధ్యలో, పైకప్పు లేని చోట, చిన్న కొలను ఉంది. వానపడితే నీళ్లు నేరుగా ఇంట్లోకే వస్తాయట, అందుకోసమే అలా కట్టారట. మూడో ఇంటికి మెట్లు అద్దంతో చేసినవి. వాటి మీద అడుగు వేస్తే, కింద నేల కనిపిస్తుంటే గాలిలో నిలబడ్డట్టుంది. మనుషులు ఇంట్లో ఉండడం గురించి ఇన్ని రకాలుగా ఆలోచిస్తారని నాకు తెలియదు. ఇల్లంటే నాలుగు గోడలనే అనుకున్నాను.

అన్నిటికన్నా చివర గుండ్రటి ఇల్లు. నేను చదివింది ఏడో తరగతి వరకే అయినా అక్షరాలు బాగా గుర్తు. దాన్ని చూడగానే పలక మీద దిద్దిన 'ఠ' అక్షరం గుర్తొచ్చింది. గుమ్మం మీద వంపుగా ముందుకు వచ్చిన చూరే దానికి తలకట్టు. బయటి గోడ వెంబడే పైకి మెట్లు. లోపల పెద్ద గుండ్రటి హాలు, సరిగ్గా మధ్యలో నేలలో పొదిగిన ఇత్తడి బిళ్ల, ఠలో చుక్కలా. అన్న అక్కడే మేకు కొట్టి, దానికి దారం కట్టి, ఆ దారం చివర అందినంత దూరంలో ఒక్కొక్క ఇటుకా పేర్చాడట. పైన గుమ్మటం, దాని నడుమ గుండ్రటి అద్దం. అందులోంచి పడిన ఎండ నేల మీద ఒక పెద్ద పళ్లెంలా పరుచుకుంది. వంటిల్లు కూడా గుండ్రమే. హాలు గోడే తలుపు లేకుండా వంపు తిరిగి వంటింట్లోకి వెళ్లి, మళ్లీ హాల్లోకి వస్తుంది. రెండు గోడలు ఎక్కడా కలిసి మూల కట్టవు. నేను చీపురు పట్టుకుని చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాను.

ఊడ్చడం అయ్యాక చీపురు పెట్టడానికి మూల కోసం వెతుక్కుంటూ గోడ వెంబడి నడిచాను. నడిచి నడిచి మొదలుపెట్టిన చోటికే వచ్చాను. "యాడ వెట్టాలె దీన్ని" అని గోడతో చెప్పుకున్నట్టు గొణుక్కున్నాను. హాలు ఆ చివర గోడ దగ్గర కూర్చుని నేల తుడుస్తున్న వదిన పకపకా నవ్వింది. "నీ నెత్తి మీద వెట్టుకో" అంది. ఆ మాట నా చెవి పక్కన నిలబడి అన్నట్టే వినిపించింది. అప్పుడు చెప్పింది వదిన, ఈ గోడ దగ్గర గుసగుసలాడితే మాట గోడ పట్టుకుని ఎదుటి గోడ దాకా పోతుందని. "మీ అన్న తిట్టుకుంటె గూడ నాకు ఇనొస్తది" అంది.

మధ్యాహ్నం ఇంటి వెనక వాళ్లుండే గదిలో వదిన జొన్నరొట్టెలు, పుంటికూర పెట్టింది. అన్న ఒక్క రొట్టెను తుంపుతూ కూర్చున్నాడు, తినలేదు.

"కూలగొట్టే పని గూడ నాకే చెప్పిండు సేటు" అన్నాడు మా ఆయనతో. "కట్టినోనికే ఎరుకట, యాడ కొడ్తె జల్ది వడ్తదో."

"నువ్వు చెయ్యనని చెప్పు బావా."

"నేను కాకుంటె ఇంకోడు కొడ్తడు. గాడు ఎట్ల కొడ్తడో ఏమో." అన్న పళ్లెం పక్కకు జరిపి లేచాడు.

మూడింటికి కారు వచ్చింది. సంగారెడ్డిలో ఇనుము వ్యాపారం చేసే ఆయన, వెంట వాళ్లమ్మ. ఆమెను కార్లోనే ఉంచి ఆయన ఒక్కడే లోపలికి వచ్చాడు. అద్దంలోంచి పడే ఎండను చూసి ఆయన కూడా కాసేపు తల దించలేదు. ఆ తర్వాత ఫోన్ తీశాడు. ఫోన్లో ఉన్నది వాస్తు చూసే మనిషి. "తూర్పు గిటు, ఉత్తరం గటు. ఈశాన్యం మూలనా? అదే సార్, అది కనవడ్తలేదు" అంటూ ఇత్తడి బిళ్ల మీద నిలబడి చుట్టూ తిరుగుతున్నాడు. అన్న గుమ్మం బయట నిలబడి నేల చూస్తున్నాడు.

పెద్దావిడకు మంచినీళ్లిచ్చి రమ్మని వదిన నన్ను పంపింది. నేను మాట్లాడకుండా గ్లాసు ఆమె చేతికి తగిలించాను. ఆమె కళ్లకు తెల్లటి పొర ఉంది.

"ఎవరు బిడ్డా? నోరు లేదా నీకు?"

"ఉన్నదమ్మ."

"ఉంటె చెప్పు, ఇల్లెట్లున్నది? 'నీకేం కనవడ్తది అమ్మా, కార్ల కూసో' అన్నడు మావోడు."

ఎలా ఉందో చెప్పడం కన్నా చూపించడమే తేలిక అనిపించింది. "రండ్రి, చూపిస్త" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి, గుమ్మం పక్కన ఆమె కుడిచేతిని గోడకు ఆనించాను. ఆమె ఎడమచేతిని ముఖానికి అడ్డంగా ముందుకు చాచుకుని నడిచింది. నుదుటి మీద మచ్చ చూపించి, "గిది మా ఇంటి అల్మారా. మోచేతి మీదిది వంటింటి గోడ. జోగిపేటల మా పాతింట్ల ఒక్క మూల నన్ను ఇడువలే" అంది. వంటింట్లోకి తిరిగాము, మళ్లీ హాల్లోకి వచ్చాము. నడుస్తున్నకొద్దీ ఆమె ఎడమచెయ్యి కొంచెం కొంచెం కిందికి దిగింది. సగం చుట్టు దాటేసరికి మామూలుగా పక్కన ఊగుతోంది. ముఖానికి గాలి తగలగానే ఆగింది.

"గిది మనం వచ్చిన దర్వాజనే కదా? మూలలేమాయె?"

"లేవమ్మ."

"మరి మావోడు దేనికోసం కొట్లాడుతుండు ఫోన్ల?"

"మూల లేదంటె దోషమంటరమ్మ" అన్నాను. తర్వాత ఆమె ఒక్కదానికే వినపడేలా మెల్లగా అన్నాను, "మూలనే లేకుంటె దోషం యాడ కూసుంటది?"

ఆ ఇంట్లో గోడ మాటను మోసుకుపోతుందన్న సంగతి మరిచిపోయాను. ఆయన అప్పటికి ఎదుటి గోడకు ఆనుకుని మాట్లాడుతున్నాడు. ఉలిక్కిపడి పక్కకు చూశాడు, ఎవరూ లేరు. తర్వాత మా వైపు చూశాడు. నాకు దాక్కోవడానికి ఆ ఇంట్లో ఒక్క మూల లేదు. పెద్దావిడ నవ్వి, నన్ను అక్కడే వదిలి, గోడ పట్టుకుని ఒక్కతే రెండో చుట్టు బయల్దేరింది. ఎడమచెయ్యి ఎత్తనే లేదు. ఆయన ఫోన్ చెవి నుంచి దించి తల్లినే చూస్తూ నిలబడ్డాడు. ఫోన్లో వాస్తు మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె కొడుకు దగ్గరికి వచ్చి, చేతికి ఆయన భుజం తగిలితే ఆగింది.

"నువ్వు అడ్డమున్నవు రా" అంది. "నువ్వు దప్ప ఇండ్ల ఏం తాకలే నాకు."

ఆయన ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చి అన్నను పిలిచాడు. "మేస్త్రీ, పైకి పోయే మెట్లకు కడ్డీ లేదు. అమ్మ పట్టుకునేటట్టు, గోడ వంపుకే కలిసిపోయేటట్టు పెట్టొస్తదా?"

"పెడ్త సార్" అన్నాడు అన్న. వెంటనే వంపు కొలవడానికి దారం తెచ్చుకోవడానికని వెనక గదికి వెళ్లాడు.

సాయంత్రం రోడ్డు మీదికి వస్తే పొద్దున వచ్చిన ఆటోనే దొరికింది. "ఏమాయె గోల్ ఘర్ బేరం?" అని ఆయన మా ఆయనను అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోగా నేనే వెనక నుంచి చెప్పాను, "మెట్లకు కడ్డీ వెట్టమన్నరు." ఆయనకు అర్థమైందో లేదో, "వాహ్" అన్నాడు. ఈసారి కోనా నహీ అనలేదు.

ఇంటికి వచ్చాక నా మూలలో నేను కూర్చున్నాను. మూలన కూర్చోవడం నాకిప్పటికీ ఇష్టమే, అది చెడ్డదని అనను. కానీ గుండ్రటి గోడ పక్కన నా గుసగుస అంత దూరం పోవడం, మూలల్లేని చోట ఒక ముసలి చెయ్యి భయం మరిచి కిందికి దిగడం, రోజూ ఏదో పని మధ్యలో గుర్తొస్తున్నాయి. అంత పెద్ద ఇళ్లు మనలాంటి వాళ్లు కొనేవి కావు, నిజమే. చూడడానికి కొనక్కర్లేదు. ఆదివారం గేటు తీసే ఉంటుంది, ఎవరూ అడ్డుచెప్పరు. గుండ్రటి ఇంట్లోకి, కొన్నవాళ్లు దిగాక, రానివ్వకపోవచ్చు, కానీ పడవ కప్పు ఇల్లు, కొలను ఇల్లు ఇంకా అమ్మకానికే ఉన్నాయి. వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీరు అద్దెకో కొనడానికో ఏ ఇల్లు చూడబోయినా, పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టి వెళ్లకండి. వాళ్ల చెయ్యి గోడకు ఆనించి ఒక్క చుట్టు తిప్పండి, రెండో చెయ్యి ఎక్కడుందో చూడండి.