థ్రమ్ అనే మాటకు బాపు రాసిన అర్థం

మా ఇంగ్లీషు సారు పదో తరగతిలో ఒక పోటీ పెట్టారు. తనకే తెలియని ఇంగ్లీషు మాట తెచ్చి, దాని అర్థం, పుట్టుక చెప్పినవాళ్లకు లావుపాటి డిక్షనరీ బహుమతి. ఆ డిక్షనరీ మీద నాకు ఎంత ఆశ పుట్టిందంటే, రెండు రోజులు లైబ్రరీ వదల్లేదు. లైబ్రేరియన్‌కే అనుమానం వచ్చింది.

దొరికింది: థ్రమ్. బట్ట కోసి తీశాక మగ్గానికి మిగిలిపోయే పడుగు పోగుల కొసలు. పాత ఇంగ్లీషులో నాలుక కింది తీగనూ ఈ మాటతోనే పిలిచేవారట. చివర్లో ‘పనికిరాని తుక్కు’ అని కూడా ఉంది. అబ్బ! మరాఠీ గడ్డ మీది మగ్గాల పేట నార్పోలి పిల్లకు ఇంతకన్నా అదృష్టమా? ఆ తుక్కు మా ఇంట్లోనే వేలాడుతోంది.

శుక్రవారం కరెంటు సెలవు, మా మరమగ్గాలు, అవే సాంచాలు, ఆగి ఉన్నాయి. ఒకదాని మీద పడుగు చుట్టిన పాత బీమ్ అయిపోయి కొసలు మిగిలాయి. బాపు, అంటే మా నాన్న, అటు టీకి వెళ్లగానే కత్తెర తీసి గుప్పెడు కోసి, పోగులు దూరే కన్నాలున్న అచ్చులోంచి లాగేశాను.

మర్నాడు క్లాసులో గుత్తి ఎత్తి చూపించాను. సారు కళ్లజోడు సర్దుకుని, “హే కాయ్ ఆహే?” అని మరాఠీలో ఇదేమిటని అడిగారు. థ్రమ్ అని చెప్పి, అర్థం, పుట్టుక అప్పజెప్పాను. డిక్షనరీ నాదే!

చంకలో పెట్టుకుని ఎగురుతూ ఇంటికొస్తే, కొత్త బీమ్ ముందు బాపు నిలబడి ఉన్నాడు.

“ఎవలు కోసిండ్రు గీ పోగులు?”

నాలుక కింది తీగ బిగుసుకుపోయింది. ఎలాగో అన్నాను: “నేనే బాపూ. అది తుక్కట. బుక్కుల ఉంది.”

“తుక్కా? కొత్త పోగును దేనికి ముడెయ్యాలె మరి? నీ జడకా?”

అప్పుడు అర్థమైంది. అచ్చులో ఉన్న పాత కొసకు కొత్త పోగు ముడేసి లాగితే, అదే దారిలో వచ్చేస్తుంది. కొస లేకపోతే ప్రతి పోగునూ కొక్కెంతో అచ్చు కన్నంలోంచి లాగాల్సిందే.

“రేపు పొద్దుమీకేలోపు నువ్వే ఎక్కియ్యాలె. లేకుంటే గా బుక్కు తూకానికి కబాడీవానికి పోతది.”

ఆదివారమంతా సాంచా కింద కూర్చున్నాను. మెడ పట్టేసింది, కళ్లలో నీళ్లు, ఇంగ్లీషువాళ్ల మీద చెప్పలేనంత కోపం. పొద్దు గూకకముందే ఆఖరి పోగు ఎక్కింది.

బాపు డిక్షనరీ అడిగి తీసుకున్నాడు. కబాడీకే అనుకున్నాను. “గా మాట యాడుందో సూపియ్యి,” అని, నేను వేలు పెట్టిన చోట, ‘తుక్కు’ అన్నది కొట్టేసి, పక్కన తెలుగులో వంకర అక్షరాలతో రాశాడు:

“కొయ్యద్దు. కొత్త బట్ట గిక్కడినుంచే షురువైతది.”