అంత ఓపికున్న మనుషులు

నాకు నత్తి. ఈ మాట రాయడానికి క్షణం పట్టలేదు, నోటితో చెప్పమంటే మాత్రం ‘న’ దగ్గరే పొద్దు గుంకుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత చెప్పినవాడికి నోరు బాగా పనిచేసేదై ఉంటుంది. వాడు మా ఊరికి వచ్చి ఉండడు.

మా ఊరు బత్తలపల్లెకు కొంచెం లోపల. అనంతపురంలో డిప్లొమా చదివే రోజుల్లో శనివారం ఇంటికి పోవాలంటే ధర్మవరం బస్సెక్కి, దారిలో బత్తలపల్లెలో దిగాలి. ఆ ఊరి పేరు నా నోట్లోంచి ఊడిపడదు. కండక్టరు చెయ్యి చాపి నిలబడితే, వెనక జనం తోసుకుంటుంటే, నేను ‘ధర్మవరం’ అనేవాణ్ణి. అది కొంచెం దయగల మాట. ధర్మవరం దాకా టికెట్ కొని బత్తలపల్లెలో దిగిపోయేవాణ్ణి. ఒకసారి ఒక కండక్టరు నేను నిద్రమత్తులో దిగుతున్నాననుకుని, ధర్మవరం ఇంకా రాలేదని భుజం పట్టి మళ్ళీ లోపల కూర్చోబెట్టాడు. పాపం మంచివాడే. అతనికి సంగతి చెప్పే ఓపిక లేక ధర్మవరం దాకా పోయి, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చాను.

చిన్నప్పుడు అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. వస నాకిన పిల్లలు వసపిట్టల్లా వాగుతారంటారు. ఊళ్ళో పిల్లలందరి వాటా నేనే నాకాను, ఒక్క పిట్ట కూడా పలకలేదు. బడిలో పాఠం చదివించేటప్పుడు అయ్యవారు నా వంతు దాటేసి పక్కవాణ్ణి లేపేవాడు. పిల్లలు నన్ను అరిగిపోయిన క్యాసెట్టు అనేవాళ్ళు. టేపురికార్డర్లు ఇంటింటికీ వస్తున్న కాలం కాబట్టి ఆ పేరు బాగా అతుక్కుంది.

నాయనకు ఓపిక తక్కువ. వేరుశనగ వేసి వాన కోసం ఎదురు చూడటంలోనే ఉన్న ఓపికంతా ఖర్చయిపోయేదేమో, నా మాట దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. నేను ఒక అక్షరం దగ్గర రెండుసార్లు తట్టుకోగానే మిగతాది ఆయనే అనేసేవాడు. నీళ్ళా? ఆ చెంబులో ఉండాయి తాగు. చెప్పులా? బయట ఉండాయి చూడు. సగం సార్లు నేను అడగబోయింది అది కాదు. కాదని చెప్పడం కంటే నీళ్ళు తాగేయడం సులభం కాబట్టి తాగేసేవాణ్ణి. ఆయన మీద నాకు కోపం ఉండేది. నా మాటను నా నోట్లోంచి లాక్కుంటాడని కోపం.

పదో తరగతి సెలవుల్లో అమ్మ పట్టుబట్టి నన్ను టైపు నేర్చుకోవడానికి పంపింది. నోరు రానివాడికి వేళ్ళైనా రావాలని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు. అనంతపురంలో మా కాలేజీ దారిలో ఒక నెట్ సెంటర్ ఉండేది. కింద టైలరు కొట్టు, పైన నెట్ సెంటర్. రెండు వేల సంవత్సరం తర్వాత, బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన కాలం. ఫలితాలు చూసుకునేవాళ్ళూ అప్లికేషన్లు నింపేవాళ్ళూ ముందు వరుసలో, ఆటలవాళ్ళం వెనక, కూలరు గాలి తగలని చోట.

మా ఆట తుపాకులది. అయిదుగురు ఒక పక్క, అయిదుగురు ఇంకో పక్క. ఆ ఆట ఉండే ప్లాట్‌ఫాంలోకి మన పేరుతో పోగానే స్నేహితుల జాబితా తెరుచుకునేది. లోపల ఉన్నవాళ్ళ పేర్లు పచ్చగా, లేనివాళ్ళవి బూడిద రంగులో. పచ్చగా ఉన్నవాడి పేరు నొక్కి రమ్మని కొడితే వచ్చేవాడు. నోరు తెరవక్కర్లేదు. ఆట నడుస్తుండగానే తెర కింద ఉండే గీతలో మాటలు టైపు చేసుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అక్కడ నాకు తిరుగులేదు. ఎదుటివాడు ఒక మాట కొట్టేలోపు నేను ఎవరు ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో మొత్తం కొట్టేసేవాణ్ణి. గుంటూరు వాడొకడు, హైదరాబాదు వాడొకడు, బెంగుళూరు హాస్టల్లో ఉండే వాడొకడు, మా పక్కనే ధర్మవరం వాడొకడు, అందరూ ఒక్కొక్కరే చేరి జట్టయ్యాం. జట్టుకు ఒక పేజీ పెట్టి, దాని పైన నాయకుడిగా నా పేరు పెట్టారు. అందరూ అన్నా అనేవాళ్ళు. క్యాసెట్టు అనడానికి వాళ్ళకు నా గొంతు తెలియదు కదా.

ఆ తర్వాత మైకులు వచ్చాయి.

ప్లాట్‌ఫాంలో ఇక మాట్లాడుకోవచ్చన్నారు. నెట్ సెంటర్ యజమాని చెవులకు పెట్టుకునే మైకులు కొని ప్రతి కంప్యూటర్‌కూ తగిలించాడు. మా జట్టు కుర్రాళ్ళు ఒక్కొక్కరూ మాటల్లోకి దిగారు. నేను కింద గీతలో టైపు చేసేవి మునుపటిలా చూసేవాళ్ళు తగ్గారు. హైదరాబాదు వాడి గొంతు బాగుండేది, వాడు ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టాడు. అన్నా, నీకు మైకు లేదా అని అందరూ అడిగేవాళ్ళు. చెడిపోయిందని కొట్టేవాణ్ణి. ఎన్నాళ్ళని చెడిపోతుంది మైకు? నాకు భయమేసింది. నాకున్న మనుషులు వాళ్ళే. వాళ్ళు పోతే మళ్ళీ క్యాసెట్టునే.

ఒక మధ్యాహ్నం తెగించి మైకు పెట్టుకున్నాను. కుడివైపు పొమ్మని చెప్పాలి. ‘కు’ దగ్గర ఇరుక్కున్నాను. మెడ నరాలు లేచాయి, పక్క కుర్చీ వాడు తిరిగి చూశాడు. నవ్వు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ మిగతా మాట అందించలేదు. నేను తట్టుకుని తట్టుకుని ఆ మాట పూర్తి చేసేదాకా అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. అలవాటు కొద్దీ నా వేళ్ళు అదే మాటను కింద కొట్టాయి. జట్టు మొత్తం కుడివైపు పోయింది. ఆ రోజు మెట్లు దిగుతూ ఏడ్చాను. నా బతుకులో నేను మొదలుపెట్టిన మాటను నేనే పూర్తిచేయడం అదే మొదలు.

ఇక రోజూ మాట్లాడాను, వేళ్ళు మాత్రం ఆట మాటలను కింద కొడుతూనే ఉండేవి. ఆట సంగతే కాదు, ఆటకూ ఆటకూ మధ్య మా ఊరి వాన సంగతి, హాస్టలు సాంబారు సంగతి, ఏది తోస్తే అది. వాటికి సమాధానం వచ్చేది కాదు. అయినా నాకు అనుమానం రాలేదు. సమాధానాలు అలవాటున్నవాడికి కదా అనుమానం వచ్చేది. వినేవాళ్ళు దొరికారు, అది చాలనుకున్నాను. తొందరపెట్టేవాళ్ళు లేకపోతే మాట దానంతటదే మెత్తబడుతుందని తెలిసింది. మొదట్లో ప్రతి మాటకూ తట్టుకునేవాణ్ణి, తర్వాత వాక్యానికొకసారి. క్లాసులో హాజరు నేనే పలికాను. ఒక శనివారం బస్సులో కండక్టరు ముందు ‘బత్తలపల్లె’ అన్నాను. ఆయన మామూలుగా టికెట్ చించి ఇచ్చి ముందుకు పోయాడు. నేను ఆ టికెట్‌ను చూస్తూనే ఇంటికి చేరాను.

ఆ పూట అన్నం దగ్గర కాలేజీ సంగతి ఏదో మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. నాయన సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టేసి నావైపు చూశాడు. మాట ఇంత సాపుగా ఎట్లా వస్తోందని అడిగాడు. కంప్యూటర్ ఆటలో వేరే ఊళ్ళవాళ్ళు ఉన్నారని, నేను ఎంతసేపు తట్టుకున్నా వాళ్ళు చివరిదాకా వింటారని, ఒక్కడూ నవ్వడని చెప్పాను.

“అంత ఓపికుండే మనుషులు యాడుండారప్పా?” అన్నాడు.

అమ్మవైపు తిరిగి, “ముక్కూమొగం తెలీనోళ్ళు కాసుకోనుండారంట. కన్నోన్ని, నేను కాసుకోలేనా?” అన్నాడు.

ఆ రోజు నుంచి నాయన నా మాటలు పూర్తి చేయడం మానేశాడు. అది ఆయనకు ఎంత కష్టమో నాకు కనిపించేది. పెదాలు కదిలేవి, మిగతా మాట ఆయన నాలుక చివర ఉండేది, దాన్ని మింగేసి కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి, మాట్లాడకుండా ఉండటం నాకోసం కొత్తగా నేర్చుకున్నాడు. నా పాత కోపమంతా ఆ కొద్ది వారాల్లోనే కరిగిపోయింది.

ఆ ఏడు వేరుశనగ పూతకొచ్చే వేళకు మబ్బు బత్తలపల్లె మీద కురిసి పోయింది. మా ఊరి పొలిమేర దాటలేదు. మా వైపు వాన ఒక గట్టు తడిపి పక్క గట్టు వదిలేస్తుంది, చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాన కొలిచే గొట్టం మాత్రం మండల కేంద్రం బత్తలపల్లెలో ఉంటుంది. అక్కడ పడితే కాగితంలో మాకూ పడినట్టే. పంట నష్టం రాసుకోవడానికి, చేన్లు చూసి రైతుల మాట వినడానికి ఆఫీసరు వస్తున్నాడన్నారు. ఊళ్ళో మాటకారులు లేక కాదు. రాజకీయం తెలిసిన పెద్ద రైతులు ఉన్నారు, కానీ వాళ్ళకు బోర్లున్నాయి, వాళ్ళ గోడు కరెంటు గురించి. వాన మీదే బతికేవాళ్ళందరికీ నాయన మాటిచ్చాడు. మావాడు చెప్తాడు, చదువుకున్నాడు, ఇప్పుడు మాట కూడా వచ్చిందని ఇంటింటికీ తిరిగి చెప్పాడట.

చెప్పాల్సింది నాయనే నాకు నేర్పాడు. మండలంలో పడిన వాన మా ఊళ్ళో పడలేదు, మా ఊరి చేను చూసి రాసుకోండి. ఇంతే. నేను దాన్ని మైకులో ఎన్నిసార్లు చెప్పి చూసుకున్నానో. నీళ్ళు పారినట్టు వచ్చింది. మా జట్టు మొత్తానికి మా ఊరి వాన సంగతి కంఠతా వచ్చి ఉంటుందని నవ్వుకున్నాను.

ఊరికి పోవాల్సిన ముందురోజు ధర్మవరం కుర్రాడు అనంతపురం వచ్చాడు. చుట్టాలింటికి వచ్చి, అన్నను చూడకుండా పోకూడదని నెట్ సెంటర్‌కు వెతుక్కుంటూ వచ్చాడు. మగ్గాల ఇంటి పిల్లవాడు, నాకంటే ఒక ఏడు చిన్న, చాలా మర్యాద. నేను మాట్లాడబోతే వాడి చూపు ఫ్యాను మీదికి పోయింది. అది కొత్తేమీ కాదు. పక్కపక్కన కూర్చుని ఒక ఆట ఆడాం. గెలిచాం. టీ తెస్తానని వాడు కిందికి పోయాడు. ఊరికే వాడి తెర వైపు చూశాను. జట్టులో అందరి పేర్లూ వరుసగా ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా చిన్న స్పీకరు బొమ్మ. నా పేరు పక్కన ఉన్న బొమ్మ మీద ఎర్రగీత.

ఆ గీత నాకు తెలుసు. బూతులు తిట్టే ఎదుటి జట్టువాళ్ళ మీద నేనే ఎన్నోసార్లు గీశాను. మ్యూట్ అని నొక్కితే వాడి గొంతు మనకు వినిపించదు. వాడికి ఆ సంగతి తెలియదు.

రెండు గ్లాసులతో పైకొచ్చిన కుర్రాడు నేను ఏం చూస్తున్నానో చూశాడు. దాచలేదు.

“అందరూ చేసిందే అన్నా, నువ్వు మైకు పెట్టిన దినమే. నీ మాటకు కాసుకోనుంటే ఆట పోతాది గదా. నువ్వు టైపు చేసేది చూసి ఆడతాంటిమి. చెప్తే బాధపడతావని చెప్పలా” అన్నాడు, టీ నా చేతిలో పెడుతూ.

వాడి గొంతులో ద్వేషం లేదు, ఎగతాళి లేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది. నవ్వాలన్నా వినాలి కదా. వారాల తరబడి నేను చెప్పుకున్న వాన, సాంబారు, ఇల్లు, అమ్మ, అన్నీ ఆ వైరు దాకా పోయి ఆగిపోయాయి. టీ తాగాను. వాడిని బస్టాండులో ఎక్కించి కూడా వచ్చాను. వాడు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ అన్నా అని పిలిస్తే నాకు ‘ఊ’ అనడానికి కూడా నోరు రాలేదు.

మర్నాడు ఉదయం బడి వరండాలో ఆఫీసరు కుర్చీ. ఎదురుగా నేల మీద జనం, ఆడవాళ్ళు ఒక పక్క. చేలోంచి పీకి తెచ్చిన వేరుశనగ చెట్లు గోడకు ఆనించి పెట్టారు, వేళ్ళకు ఒక్క కాయ లేదు. నాయన లేచి, మావాడు చెప్తాడు సార్ అని నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది.

‘మం’ దగ్గర ఆగిపోయాను.

ఆఫీసరు మర్యాదగా కాగితం వైపు చూశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో ఆడమనిషి కసిరింది. నేను ఇంకోసారి ఎత్తుకున్నాను. దవడ బిగుసుకుపోయింది. నాయన వైపు చూశాను. చెప్పు నాయనా, పుట్టినప్పటి నుంచి లాక్కుంటున్నావు కదా, ఈ ఒక్కటి లాక్కుని చెప్పు. ఆ మాట ఆయనదే, నాకు నేర్పింది ఆయనే. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, పెదాలు గట్టిగా మూసుకుని తల ఆడిస్తున్నాడు. పరవాలేదు, నిదానంగా రానీ అన్నట్టు. పక్కవాడు ఏదో అందించబోతే మోచేత్తో ఆపాడు కూడా. ఊరంతా చూస్తుండగా నాయన నాకోసం ఓపిగ్గా ఎదురు చూశాడు.

చివరికి ఆఫీసరే, “పరవాలేదు బాబూ, కూర్చో” అన్నాడు. మండలంలో వాన ఎంత పడిందో పక్కనున్న గుమాస్తా చదివాడు. బోర్లున్న ఆయన లేచి ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెప్పాడు, చక్కగా చెప్పాడు. జీపు పక్క ఊరికి పోయింది. ఆ ఏడు మా చేన్లు ఎండినట్టు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. నేను మాట్లాడి ఉంటే ఎక్కేవా అంటే, చెప్పలేను. కానీ ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు, అదే భరించలేకపోయాను.

నాయనా నేనూ ఇంటికి నడుస్తున్నాం. ఆయన కోప్పడలేదు. ఇంటి ముందుకు వచ్చాక మాత్రం, నిజంగా తెలియక అడిగేవాడిలా అడిగాడు.

“ఆ కంప్యూటర్లో వాళ్ళ కాడ వచ్చిన మాట, ఈడ యాల రాలేదప్పా?”

“ఆడ ఎవురూ ఇనలేదు నాయనా.”

అది ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది. ఆ తర్వాతది రాలేదు. మ్యూట్ బొత్తాం సంగతి, ఎర్రగీత సంగతి, టీ తెచ్చిన కుర్రాడు చెప్పిన సంగతి, ముక్కముక్కలుగా చెప్పాను. నాయన ఎండలోనే నిలబడి, ఒక్క మాటా అందించకుండా మొత్తం విన్నాడు.

“వాళ్ళను చూసి గదప్పా, ఆఫీసరు ముందర నేను నోరు మూసుకోనుండింది” అన్నాడు. కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి పోయాడు.