గౌస్ భాయ్ అడిగే రెండో ప్రశ్న

స్పిరిట్ దూది చల్లగా వేలికి తగిలితే చాలు, నాకు గౌస్ భాయ్ గొంతు వినిపిస్తుంది. ఈ ఉదయం సౌదీలోని దమ్మామ్‌లో మా కంపెనీ క్లినిక్‌లో నర్సు సూది గుచ్చి, షుగర్ ఎంతో చెప్పి, ఇక వెళ్లమంది. ఇంకా ఏదో అడుగుతుందేమోనని నేను కాసేపు కదలకుండా కూర్చున్నాను.

గౌస్ భాయ్ అక్కడే ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉండేవాడు. కడప మనిషి. నేను జగిత్యాల వైపు నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటర్ని. ఏటా జరిగే మెడికల్ పరీక్షలో నాకు షుగర్ బయటపడింది. డాక్టరు మందులు రాసి, మూడు నెలల్లో అదుపులోకి రాకపోతే క్రేన్ ఎక్కనివ్వనన్నాడు. క్రేన్ తప్ప నాకు వేరే పని రాదు. వీసా రద్దు చేసే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోవడమే.

రోజూ పొద్దున మేముండే క్యాంపు గోడ వెంట నడిచి తన దగ్గరికి రమ్మన్నాడు గౌస్ భాయ్. "నడిచినావా?" అంటూ సూది గుచ్చి, అంకె చూసి, వెంటనే రెండో ప్రశ్న అడిగేవాడు: "మనసెట్లుండాది?"

నాకు ఒళ్లు మండేది. "షుగర్ చూడుమంటే మనసు ముచ్చట ఎందుకు భాయ్?"

"రోజూ కష్టపెడితే ఒళ్లు తనకు తానే నల్లమందు మాదిరిది తయారుచేసుకుంటాదంట అబ్బా. నొప్పి మరిపించేది, మనసును తేలిక చేసేది అదే. చక్కెర విషయంలో కూడా అది చెయ్యి పెడతాదని చదివినా. ఎట్లనో పెద్దపెద్దోళ్లే ఇంకా పూర్తిగా తేల్చలా. నీ ఒళ్లు ఏమంటాదో చూద్దాం."

నా బతుకు ఊగిసలాడుతుంటే ఈయనకు సరదాగా ఉందేమిటా అనుకునేవాణ్ని. కానీ ఆ ఆసక్తి అంటువ్యాధి. నెల తిరిగేసరికి అంకె ఎంతుంటుందో నేనే ముందుగా ఊహించడం మొదలుపెట్టాను.

గడువు సగమయ్యాక డాక్టరు మళ్లీ పరీక్షకు రమ్మన్నాడు. అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. నడకకే దిగే షుగరు పరుగుకు ఇంకెంత దిగాలి! ఎండలో క్యాంపు చుట్టూ కుక్కలు తరిమినట్టు పరిగెత్తి, రొప్పుతూ వెళ్లి గౌస్ భాయ్ ముందు వేలు చాపాను. అంకె పెరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"మస్తు ఉరికిన భాయ్! శక్కరంత కరగాలె గదా!" దాదాపు ఏడ్చాను.

ఆయన కళ్లు మెరిశాయి. "ఎవరు ఉరకమన్నారబ్బా నిన్ను? కూర్చో, నీళ్లు తాగు. అలవాటు లేని ఒళ్లు అట్లా ఉరికితే ఏదో ముంచుకొచ్చిందని బెదిరి, లివరు దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదుల్తాది. రోజూ అలవాటు చేసిన ఒళ్లు అంతగా బెదరదు. అందుకే నడవమన్నా."

గంట తర్వాత మళ్లీ గుచ్చితే దిగింది. జరిగింది డాక్టరుకు ఆయనే చెప్పి, ఈ రెండో అంకెనే లెక్కలోకి తీసుకునేలా ఒప్పించాడు. మిగిలిన గడువు నాకు దక్కింది.

ఆఖరి పరీక్షకు వారం ముందు కాంట్రాక్టు ముగిసి గౌస్ భాయ్ ఊరికి వెళ్లిపోయాడు. ఫిట్ అని రాసిన కాగితం చేతికి రాగానే కడపకు ఫోన్ కొట్టాను.

"పాసైన భాయ్! అంకె చెప్పాల్నా?"

"అది డాక్టరు చూసుకుంటాడులేప్పా. మనసెట్లుండాది?"

ఈ దేశానికొచ్చిన పదకొండేళ్లలో నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కడేనని అప్పుడు తెలిసింది. ఫోన్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పటికీ రోజూ గోడ వెంట నడుస్తాను. ముందు మనసును అడిగి, దాన్ని బట్టి అంకెను ఊహిస్తాను. చాలాసార్లు తప్పుతుంది. ఎందుకు తప్పిందో తెలుసుకోవాలని తహతహగా ఉంటుంది. ఈ ఉదయం క్లినిక్‌లో లేచి వచ్చేస్తూ, అడగకపోయినా ఆ నర్సుకు చెప్పాను:

"మనసు మంచిగుంది సిస్టర్."

ఆమెకు తెలుగు రాదు. అయినా తలెత్తి చూసి నవ్వింది.