ఎత్తని ఫోనులో మా అత్త పాట

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం దీపం పెట్టి, అలవాటు ప్రకారం జనగామలో ఉన్న మా మామకు ఫోన్ చేశాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు కూడా మూసుకున్నాను. అత్త పాట రాలేదు. అందరి ఫోన్లలో వచ్చే ఉత్త గంటే మోగింది. నంబరు తప్పు నొక్కానేమోనని కట్ చేయబోతుంటే అవతల మామ ఎత్తాడు. ఇన్నేళ్లలో ఆయన అంత తొందరగా ఫోనెత్తడం ఎన్నడూ లేదు. "పాట పోయింది బిడ్డా," అన్నాడు. ఎట్లున్నవని అడగలేదు, తిన్నవా అని అడగలేదు. "పొద్దున్నుంచి ఎవలు జేసినా గంటనే అస్తుందట. మద్యాన్నం నీకు జేసి సూసిన. అండ్ల గూడ లేదు." మధ్యాహ్నం మామ నంబరు మోగి ఆగిపోయిన మాట నిజమే. పాట వినడానికే చేశాడనుకుని నేను ఎత్తలేదు.

చదివేవాళ్లకు మా సంగతి వింతగా ఉంటుంది కాబట్టి మొదటి నుంచి చెబుతాను. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన భార్య, మా అత్త, పాడిన బతుకమ్మ పాట ఒకటి ఆయన ఫోన్‌కు కాలర్ ట్యూన్‌గా ఉండేది. అంటే ఆయనకు ఎవరు ఫోన్ చేసినా, ఆయన ఎత్తేదాకా వాళ్ల చెవిలో అత్త పాడుతుండేది. అత్త బతికుండగా పెట్టించుకుని మురిసిపోయాడు. ఆమె పోయాకే తెలిసివచ్చింది, ఆ పాట లోకంలో అందరికీ వినపడుతుంది, పెట్టుకున్నవాడికి తప్ప. కొన్నాళ్లు పక్కింటివాళ్ల ఫోన్ అడుక్కుని తన నంబరుకు తనే చేసుకున్నాడు. ఒళ్లో తన ఫోన్ మోగుతుంటుంది, చెవి దగ్గర ఇంకొకరి ఫోన్. ఆ వయసులో ఆ అవస్థ చూడలేకపోయాను. పాట నడుస్తుండగా మిషన్ అమ్మాయి అడ్డంవచ్చి, ఈ ట్యూన్ మీకూ కావాలంటే స్టార్ నొక్కమని చెబుతుంది కదా, ఒకరోజు నొక్కేశాను. ఆ పాటే నా ఫోన్‌కూ వచ్చేసింది. అప్పటి నుంచి మామ జనగామ నుంచి నాకు చేస్తాడు, నేను ఎత్తను. నేను మహబూబాబాద్ నుంచి ఆయనకు చేస్తాను, ఆయన ఎత్తడు. పాట విన్నాక మాట్లాడేదేమైనా ఉంటే మళ్లీ చేసుకునేవాళ్లం. చాలా సాయంత్రాలు ఏమీ ఉండేది కాదు. మా ఆయన పోయాక ఇంటి ముందు గదిలో చీరల దుకాణం పెట్టుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. చీరలకు వచ్చినవాళ్లు "ఫోను మోగుతుంది, ఎత్తవేంది అక్కా" అంటే "మా మామ వింటున్నడు" అనేదాన్ని. నన్ను ఒక రకంగా చూసి, బేరం మాత్రం మరిచిపోకుండా చేసేవాళ్లు.

మామ ఈ పాటల గొడవలో పడటమే మా ఇంట్లో ఒక వింత. మా తాతది వడ్లు, పత్తి వ్యాపారం. ఇంట్లో అందరికీ మూటలు తెలుసు, తూకం తెలుసు. మామ ఒక్కడు స్టేషన్‌కు పోయే దారిలో క్యాసెట్ల దుకాణం తెరిచాడు. "గాలిని అమ్ముతవురా" అని తాత చాలా రోజులు ఆ దారినే నడవలేదు. ఎండాకాలం సెలవుల్లో నేను జనగామ వెళితే పొద్దంతా ఆ దుకాణంలోనే ఉండేదాన్ని. కొత్త క్యాసెట్ పైనున్న పల్చటి కాగితం చింపగానే ఒక వాసన వచ్చేది, ఊదుబత్తీ వాసనతో కలిసి తలకెక్కేది. గోడకు ఎర్ర రంగుతో రాయించిన బోర్డు ఒకటి ఉండేది, ఇక్కడ పాటలు కాపీ చేయబడవు అని. ఆ రోజుల్లో ఖాళీ క్యాసెట్ తెచ్చి, నచ్చిన పాటలన్నీ దాంట్లో ఎక్కించుకుపోవడం అందరూ చేసేదే. మామ చేసేవాడు కాదు. మేనకోడలినని గారాలు పోయి నేనూ ఒక ఖాళీ క్యాసెట్ చాపాను. "పాడినోళ్లకు కడుపుండదా బిడ్డా" అని నవ్వి, నా క్యాసెట్ నాకిచ్చి, సోడా తాగించి పంపాడు. నాకు వొళ్లు మండింది. ఇప్పటికీ తలుచుకుంటే కొంచెం మండుతుంది.

అత్త పాడేదని ఆ వాడకంతా తెలుసు. బతుకమ్మ రోజుల్లో ఆమె ఎత్తుకుంటేగాని మిగతా ఆడవాళ్ల చప్పట్లు కుదిరేవి కావు. మామకు సరుకు పంపే హైదరాబాద్ కంపెనీవాళ్లు ఒకసారి పండుగ పాటల క్యాసెట్ వేస్తామంటే, మామ ఆమెను తీసుకుపోయాడు. అక్కడ రికార్డు చేసే ఆయన గాజులు తీయమన్నాడట, చప్పుడొస్తుందని. ముత్తయిదువను గాజులెట్ల తీస్తనని అత్త లేచి నిలబడింది. చివరికి రెండు చేతులకూ తువ్వాలు చుట్టి పాడించారు. అయినా మొదటి చరణం చివర చేయి విసిరినప్పుడు గాజు గాజుకు తగిలిన చప్పుడు పాటలో పడనే పడింది. ఆ ఆయన మాటలు కూడా కాస్త మార్చబోయాడట, సినిమాల్లో పలికినట్టు పలకమని. "మా దిక్కు గిట్లనే అంటం సారూ" అని ఇంటి నుంచి తీసుకొచ్చిన తిండి మూట విప్పి, ఆయనకో సకినం పెట్టి, తన మాటల్లోనే పాడి వచ్చింది. క్యాసెట్ బాగా అమ్ముడుపోయిందని చెప్పలేను. మా చుట్టాలు కొన్నారు, అదీ మామ పట్టుబట్టి కొనిపిస్తేనే.

తరవాత సీడీలు వచ్చాయి, వాటి వెనకాలే నెట్లోంచి ఊరికే దించుకునే పాటలు వచ్చాయి. మామ దుకాణానికి ఎదురుగా ఒకాయన కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాడు. గోరంత మెమరీ కార్డు ఇస్తే టీ తాగి వచ్చేలోపు దాన్నిండా పాటలు నింపి ఇచ్చేవాడు. రఘునాథపల్లి నుంచి రైలెక్కి వచ్చే కాలేజీ పిల్లలు, ఆటోవాళ్లు, పత్తి అమ్ముకుని ఇంటికి పోయే తండావాళ్లు, అందరూ అక్కడే. మామ దుకాణంలో ఈగలు కూడా విసుగొచ్చి ఎదురుకే పోయాయని అత్త వేళాకోళం చేసేది. మామకు అది వేళాకోళంగా ఉండేది కాదు. దొంగ పాటలు అమ్ముతున్నాడని కంపెనీకి ఫిర్యాదు చేశాడు. కంపెనీ మనుషులు పోలీసులతో వచ్చి ఎదురుదుకాణంలోని కంప్యూటర్ పెట్టెను జీపులో వేసుకుపోయారు. మామ వాళ్లందరికీ టీ తెప్పించాడు. టీ తాగి, గ్లాసులు కింద పెట్టి, ఇక్కడ కూడా ఒకసారి చూస్తామని ఆయన అరలన్నీ లాగి నేలమీద పోశారు. ఏమీ దొరకలేదు, సారీ అని కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఎదురుదుకాణం ఆయనా మామా ముఖాలు చూసుకోలేదు. వారం తిరక్కుండా ఆయన ఇంకో కంప్యూటర్ తెచ్చుకున్నాడు.

మామ వెనకేసుకొచ్చిన కంపెనీ ఆయన కోసం ఆగలేదు. క్యాసెట్లు మానేసింది, సీడీలు మానేసింది. ఒకసారి కంపెనీ మనిషి రంగుల పోస్టర్ ఒకటి తెచ్చి గోడకు అంటించి, ఇక అంతా కాలర్ ట్యూన్లేనని చెప్పాడు. "ఇందులో దొంగతనానికి వీల్లేదు సేటూ. వినొచ్చు అంతే, ఎవరూ ఎత్తుకుపోలేరు" అన్నాడు. మామకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. న్యాయం గెలిచిందనుకున్నాడు. పాత క్యాసెట్లలోంచి వాళ్లు ఎక్కించిన పాటల్లో అత్తది కూడా ఉందని తెలిసి ఆ రోజే పెట్టించుకున్నాడు. వినేవాళ్లు నేరుగా ఫోన్లోనే కొనుక్కుంటుంటే మధ్యలో దుకాణం ఎందుకన్నది ఆయనకు కొంచెం ఆలస్యంగా తట్టింది. షట్టర్ దించేశాడు. ఇంట్లో మిగిలిన అత్త క్యాసెట్‌ను ఒక వానాకాలం టేప్ రికార్డర్ నమిలేసింది. చుట్టాలు కొన్నవి ఎప్పుడో పోయాయి, దానికి ఇంకో కాపీ లేదు. కాపీ చేయనివాడి ఇంట్లో ఎక్కడి నుంచి వస్తుంది? అట్లా అత్త గొంతు మొత్తానికి ఆ కాలర్ ట్యూన్‌లోని ఆ కాస్త ముక్కే మిగిలింది.

అది పోయిందని తెలియగానే ఆ ఆదివారమే మామ ఫోన్ కంపెనీ సహాయ కేంద్రానికి చేశాడు. పాటల కంపెనీ చేతులు మారిందట. కొత్తవాళ్లు ఎక్కువమంది పెట్టుకున్న పాటలే ఉంచి మిగతావి తీసేశారట. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, అలాంటి పాటలే చాలా ఉన్నాయి సార్, వినడానికి ఒకటి నొక్కండి అంది. "గసొంటి గొంతు ఏడుంటదమ్మా" అని అడిగాడట మామ. సాయంత్రం ఫోన్లో ఇదంతా ఆయనే చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. అత్త పోయిన రోజున వచ్చిన చుట్టాల మధ్య ఇంత ఏడవలేదు నేను.

మర్నాడు దుకాణం మూసి జనగామ రైలెక్కాను. మామ ఇంటికి పోకుండా ముందు ఎదురుదుకాణానికి పోయాను. ఆయన ఇప్పుడు ఫోన్లకు కవర్లూ అద్దాలూ అమ్ముతున్నాడు. తల నెరిసింది, నన్ను గుర్తుపట్టాడు. సంగతి చెప్పి, పాత కంప్యూటర్లో ఆ పాట ఏమైనా ఉందా అన్నా అని అడిగాను. మామ చేసిన ఫిర్యాదు ఎత్తుతాడేమోనని లోపల భయంగానే ఉంది. ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"నా తాన లేదు చెల్లె. కని మా చెల్లె తాన ఉంటది, భూపాలపల్లిల. ఏటా బతుకమ్మకు గదే పెట్టుకుంటరు వాళ్లు."

"ఆమెకెట్ల వచ్చింది?"

"నేనే ఇచ్చిన. నాకు మీ అత్తనే ఇచ్చింది." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు, అత్త ఇంకా ఎదుటి గడపలో నిలబడి ఉన్నట్టు. "సేటు అన్నానికి పోయినప్పుడు క్యాసెట్ కొంగుల పెట్టుకొని అచ్చింది. మా దుకాణంల కొనేటోళ్లు లేరు తమ్మీ, నువ్వన్న అందరి ఫోన్లల్ల ఎయ్యి, పెట్టెల ఉంటే పాటకు ఏం లాభం అన్నది. మా ఆయనకు మాత్రం చెప్పకు అన్నది. చెప్పలే."

ఆయన భూపాలపల్లికి ఫోన్ చేశాడు. మేం టీ తాగుతుండగానే పాట వచ్చేసింది. ఏ డబ్బూ తీసుకోలేదు, మామను ఒక్క మాట అనలేదు. నా ఫోన్‌కు పంపి, సేటును అడిగినట్టు చెప్పమన్నాడు.

మామ ముందు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాట దొరికిందని, ఎవరు ఇచ్చారో, వాళ్లకు ఎవరు ఇచ్చారో అంతా చెప్పేశాను. దాచడం నాకు చేతకాదు. కాపీ అని తోసేస్తాడేమోనని చూస్తున్నాను. "నాకు చెప్పలే," అన్నాడు. కాసేపటికి, "నాకెట్ల చెప్తది తియ్యి," అని ఆయనే అన్నాడు. ఇక ఆగలేక నేను పాట పెట్టాను. అత్త ఎత్తుకుంది, వెనక కోరస్ అందుకుంది, మొదటి చరణం చివర గాజులు తగిలాయి. కాలర్ ట్యూన్ ముక్క ఎప్పుడూ అక్కడే ఆగి మళ్లీ మొదటికి వచ్చేది. మోకాలి మీద తాళం వేస్తున్న మామ చేయి, పాట మళ్లీ మొదటికి వస్తుందని ఆగింది. పాట ఆగలేదు, రెండో చరణంలోకి పోయింది. మామ తలెత్తి నన్ను చూశాడు. "ఇంక ఉంటదని మర్శిపోయిన బిడ్డా," అన్నాడు. చివరిదాకా విన్నాం. అయిపోయాక చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని, ఎదురుదుకాణం దాకా పోయొస్తానని లేచాడు. నన్ను రావద్దన్నాడు.

ఇప్పుడు ఆ పాట మామ ఫోన్లో ఉంది, నా ఫోన్లోనూ ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు నొక్కుకుని వినొచ్చు, ఒకరికొకరం అక్కర్లేదు. మామ పొద్దున టీ తాగుతూ వింటున్నాడట. మంచిదే. కాని దీపం పెట్టాక నా ఫోన్ మోగడం మానేసింది. కొన్ని రోజులు చూశాను. చీరలు మడత పెట్టుకుంటూ పాట నేనే పెట్టుకున్నాను, పూర్తి పాట, గాజులతో సహా. ఇల్లు మరీ ఖాళీగా అనిపించి ఆపేశాను. అవతల ఎవరో వింటున్నారన్న సంగతే ఇన్నాళ్లూ నాకు తోడుగా ఉందని అప్పుడు తెలిసింది.

నిన్న సాయంత్రం ఫోన్ మోగింది. మామ నంబరు. అవతల ఆయన చెవిలో ఉత్త గంటే మోగుతుంటుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. చేయి ఫోన్ దాకా పోయి ఆగిపోయింది. ఎత్తలేదు. ఆయనా కట్ చేయలేదు. అత్త ఎత్తుకున్న దగ్గర నుంచి గాజులు తగిలేదాకా ఎంత సేపు పడుతుందో అంత సేపు మోగి, ఆగిపోయింది. కాలం మోగే ఫోన్లోంచి పాటనైతే తీసేసుకుంది గాని, అది పట్టే ఆ కాసేపటిని మాత్రం మా ఇద్దరి దగ్గరే వదిలిపెట్టి పోయింది.