అవ్వ ఉమ్మడం మానేసిన పొద్దు

మొన్న ఆయుధపూజ మరుసటి రోజు తిరుపతిలో మా కూతురితో కలిసి కంటి ఆస్పత్రికి పోతుంటే, బస్టాండు దాటాక ఆటో దగ్గి దగ్గి ఆగిపోయింది. ముందు అద్దానికి రెండు మూరల చామంతి దండ, పక్కన మామిడాకులు, నుదుట కుంకుమ. పెళ్లికి బయలుదేరినంత ముస్తాబుగా ఉంది ఆటో. డ్రైవరు వెనక మూత ఎత్తగానే కాలిన నూనె వాసన వచ్చింది, దాంట్లో కలిసి చామంతి వాసన. ఆ రెండు వాసనలూ కలిసి నా ముక్కుకు తగిలి ఇరవై ఏళ్లు దాటింది. డ్రైవరు నీళ్ల సీసా మూత తీస్తుంటే, "కాసేపు ఆగప్పా, సల్లారనీ" అన్నాను. ఈ ముసలామెకు ఏం తెలుసన్నట్టు చూశాడు గానీ ఆగాడు. మా కూతురు గడియారం చూసుకుంది. నేను పోయి పక్కనున్న లాడ్జి మెట్టు మీద కూర్చున్నాను. అట్లా కూర్చున్నాక నా కళ్లకు రోడ్డు నీళ్లలాగా కనిపించడం మొదలైంది.

పాకాల అవతల కొండల నడుమ కట్టిన ప్రాజెక్టులో మాకొక పడవ ఉండేది. ఆ నీళ్ల కింద మా భూమి కొంత పోయింది, అవతలి గట్టు వాళ్ల భూమి అంతా పోయింది. వాళ్లు కొండవాలుకు జరిగి ఇళ్లు కట్టుకున్నారు. రోడ్డేమో మా వైపు మిగిలింది, ఆవులేమో వాళ్ల వైపు మిగిలాయి. రోజూ పొద్దున ఆ పాలక్యాన్లను మా గట్టుకు చేర్చాలి. పూతలపట్టు వైపు నుంచి వచ్చే పాలవ్యాను కాసేపే నిలబడుతుంది. ఆ చేర్చే పని మా ఆయనది. పడవకు బిగించింది ఒకప్పుడు మా బావిలో నీళ్లు తోడిన డీజిల్ ఇంజనే. బావి మునిగాక పని లేక కూర్చున్న ఇంజను, తన బావిని ముంచిన నీళ్ల మీదే మళ్లీ కొలువుకు చేరింది. దాన్ని అందరం అవ్వ అనేవాళ్లం. పడవ అంచు నుంచి ఒక పైపు నీళ్లలోకి వేలాడుతుండేది. అవ్వ దాంతో చల్లని నీళ్లు పీల్చేది. ఆ నీళ్లు ఆమె ఒంటి చుట్టూ తిరిగి, వేడెక్కి, ఇంకో పక్క చిన్న గొట్టంలోంచి తుపుక్కు తుపుక్కుమని బయటపడేవి. అచ్చం ఆకువక్క నమిలే ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉమ్మినట్టే. అవ్వ ఉమ్ముతున్నంత సేపూ భయం లేదు. మా ఆయన దారి చూసేవాడు, నేను అవ్వను చూసేదాన్ని. అదే నా ఉద్యోగం. అవ్వ నెత్తి మీద ఇనుములోనే పోతపోసిన అక్షరాలుండేవి. అప్పటికి నాకు చదువు రాదు. పసుపు రాసేటప్పుడు వాటిని వేలితో తడిమి, ఇక్కడ వంపు, ఇక్కడ గుండ్రం అనుకునేదాన్ని.

ఒక ఏడు ఆయుధపూజకు అవ్వను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పడవ ముక్కుకు రెండు అరటి పిలకలు కట్టాము. ఆరు మూరల చామంతి దండ నేనే కట్టాను. సగం అవ్వకు చుట్టినా ఇంకా మిగిలింది. మిగిలిన దండను తెంపడానికి మనసు రాక, అందంగా ఉంటుందని పడవ అంచు పొడుగునా వేలాడదీశాను. పైపు ఉన్నదీ ఆ పక్కే. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

తెల్లారి అవతలి గట్టుకు పోయేటప్పుడు అవ్వ బాగానే ఉమ్మింది. తిరుగు ప్రయాణంలో పాలక్యాన్లతోపాటు ఆ గట్టు పెద్దాయన కూడా ఎక్కాడు. అంతకు ముందు వారంలో రెండుసార్లు మా పడవ ఆలస్యమై పాలు విరిగాయి. కొండ చుట్టూ తిరిగైనా సరే, ట్రాక్టరు పెట్టుకుందామని వాళ్లు అనుకుంటున్నట్టు మాకు తెలుసు. పెద్దాయన కూర్చోగానే ఆ మాటే అన్నాడు. "ఈ పొద్దు గూడా పాలు ఇరిగినాయంటే, రేపట్నించి ట్రాక్టరే అబ్బోడా. నన్ను అనుకోబాకు." మా ఆయన పడవను మా గట్టు వైపు తిప్పాడు. పడవ పోతే ఆయనకు మిగిలేది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బుట్టలు మోసే పని. నీళ్ల మీద పుట్టినట్టు బతికిన మనిషి, నాలుగు గోడల మధ్య ఎట్లా ఉంటాడో నేను ఊహించుకోలేకపోయేదాన్ని.

ఆ దిగులుతోనే నీళ్ల మీది మంచు వైపు చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపు చూశానో తెలియదు. అవ్వ ఉమ్మడం ఎప్పుడు మానేసిందో చూడలేదు. నూనె కమురు వాసన వచ్చింది. అవ్వ గొంతు మొద్దుబారి, రెండుసార్లు దగ్గి, ప్రాజెక్టు నడిమధ్యలో ఆగిపోయింది. మా ఆయన హ్యాండిలు తగిలించి తిప్పబోయాడు. కదల్లేదు. తువ్వాలు చుట్టి రెండు చేతులతో పట్టి ఊగాడు. రాతిలో పాతినట్టు అట్లాగే ఉంది.

"ఎద్దుకు వడ కొడితే ఏం చేస్తాము? నెత్తిన నీళ్లు పొయ్యప్పా," అన్నాడు పెద్దాయన. మా ఆయన బకెట్టు ముంచి ఎత్తాడు. నేను లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. పొయ్యి మీద కాగిన మట్టిచట్టిలో ఒకసారి చన్నీళ్లు పోసి, రెండు ముక్కలు చేసి, మా అత్త చేత మాటలు పడినదాన్ని. "పొయ్యొద్దయ్యా, పగిలిపోతాది. తిప్పనూ వద్దు. ఊరికే ఉండు," అన్నాను. పెద్దాయన నవ్వాడు. "ఇంజనుకు వంటింటి వైద్యమా పాపా?" అన్నాడు. వంటింటి వైద్యమే. వేలు తడిపి అవ్వ నెత్తి మీద ఒక్క చుక్క చిలకరించాను. దోసె పెనం మీద పడినట్టు చుయ్యిమని ఎగిరిపోయింది. చుక్క ఎగరకుండా నిలబడిన దాకా ఆగాల్సిందే అన్నాను.

పాలక్యాన్ల మీద గోనెలు తడిపి కప్పాము. అంత బరువుతో పడవ తెడ్డుకు కదలదు. ఇక చేసేదేమీ లేక నేను పైపు పైకి లాగాను. దాని మూతికున్న జల్లెడ చుట్టూ నా చామంతి దండ, దారంతో సహా, జడ అల్లినట్టు చుట్టుకుని ఉంది. మగవాళ్లిద్దరూ గట్టు వైపు చూస్తుండగా విప్పి, చప్పుడు చెయ్యకుండా ఒడిలో దాచుకుని, పైపు మళ్లీ నీళ్లలో వదిలాను.

అవ్వ మాట లేకపోతే ఆ నీళ్ల మీద ఎంత నిశ్శబ్దమో అంతవరకూ మాకెవరికీ తెలియదు. మంచు విడిపోతోంది. పడవ తన ఇష్టం వచ్చినట్టు మెల్లగా తిరుగుతోంది. కొండలు కూడా మాతోపాటు తిరుగుతున్నట్టుంది. పెద్దాయన చాలాసేపు ఒక గుండురాయి వైపు, ఒక కొండముక్కు వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత చెయ్యి నీళ్లలో పెట్టాడు. "ఈడ కింద నా చెనక్కాయ చేను ఉండాది పాపా," అన్నాడు. "ఇంతకాలం డబడబమని దాటిపోయినాము గానీ, ఒక్క దినమన్నా ఈడ కూచోలే." నేనూ నీళ్లలోకి చూశాను. ఏమీ కనిపించలేదు. అయినా వేరుశనగ పీకినప్పటి పచ్చి మన్ను వాసన వచ్చినట్టే అనిపించింది.

మా ఆయన మాటిమాటికీ లేచేవాడు. నేను చుక్క చిలకరించేదాన్ని. చుయ్యిమనేది. కూర్చునేవాడు. ఇంతలో గట్టు మీంచి వ్యాను హారను నీళ్ల మీదుగా వచ్చింది. మూడుసార్లు కొట్టి ఆగింది. ఆ తర్వాత వ్యాను వెళ్లిపోతున్న చప్పుడు సన్నగిల్లుతూ సన్నగిల్లుతూ పోయింది. మా ఆయన తల వంచుకున్నాడు. పెద్దాయన చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంది.

చివరికి ఒక చుక్క ఎగరకుండా ముత్యంలా నిలబడింది. మా ఆయన కొంచెం నూనె పోసి, పసిబిడ్డ చెయ్యి పట్టినంత మెత్తగా హ్యాండిలు పట్టి తిప్పాడు. ముందు చిన్నగా కదిలింది, తర్వాత ఒక చుట్టు, తర్వాత డుగ్గుమంది. అవ్వ లేచింది. గొట్టం గురగురలాడి, మొదటి ఉమ్ము దూరంగా ఉమ్మింది. ఆ ఉమ్ములో రెండు పసుపుపచ్చ రేకులు వచ్చి నీళ్ల మీద తేలాయి. ముగ్గురమూ వాటినే చూశాము. నేను ఒడిలోంచి తడి దండ తీసి పడవలో పెట్టాను.

పెద్దాయన దండను చూశాడు, నన్ను చూశాడు. "అవ్వకి ఆకువక్క పెట్టల్ల గాని, పూలు పెడితే ఎట్ల ఉమ్ముతాది పాపా?" అన్నాడు. మా ఆయన నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాడు. పెద్దాయన గోనె ఎత్తి ఒక క్యాను మూత తీసి వాసన చూశాడు. "ఇంకా ఇరగలే. తిప్పప్పా పడవని, మా గట్టుకే పోదాము. పండగ పూట పాలు ఇంట్లోకే ఉండనీ అని నేనే ఎనక్కి తెప్పించినానని చెప్తా. బెల్లమేసి కోవా చేసుకుంటారు. రేపు మాత్రం యాళకి రా." ట్రాక్టరు మాట ఆ పొద్దే కాదు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన పడవ ఎక్కిన రోజున, ఆ గుండుకూ కొండముక్కుకూ నడుమకు రాగానే, అడగకుండానే మా ఆయన అవ్వ జోరు తగ్గించేవాడు. మరుసటి ఏడు దండ కట్టేటప్పుడు మాత్రం, "అవ్వ నీళ్లు తాగే పక్క వద్దుమే," అన్నాడు మా ఆయన. అంతే.

ఇప్పుడు అక్కడ వంతెన ఉంది. పెద్దాయన లేడు, మా ఆయనా లేడు, అవ్వ పాత ఇనుములో కలిసిపోయింది. మా కూతురు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించాక నాకు అక్షరాలు వచ్చాయి గానీ, అవ్వ నెత్తి మీద ఏం రాసి ఉండేదో ఇక ఎప్పటికీ చదవలేను. వేలికి మాత్రం ఆ వంపులు ఇంకా గుర్తే. "అమ్మా, టైమైపోతాంది," అని పిలిచింది మా కూతురు. లేచి పోయి వేలు తడిపి ఆటో ఇంజను మీద ఒక చుక్క వేశాను. సన్నగా చుయ్యిమంది. మళ్లీ వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. కాలం ఎక్కడికీ పోదనుకుంటాను. అది కిందే ఉంటుంది, మనమే డబడబమని దాటిపోతుంటాము.