చలి రాకముందే విజయం

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? చొక్కా బిగుతైందని వచ్చినవాణ్ణి "చొక్కా ఎక్కడిదక్కడే ఉంది నాయనా, నువ్వే పెరిగావు" అని గుమ్మంలోంచే పంపేసిన మనిషి. తండ్రి కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఆయన పోయాక మిషనూ, కత్తెరా, నోటి దురుసూ ఈమెకే దక్కాయి. మొదటి రెండూ అరిగాయి గాని మూడోది అరగలేదు.

ఖరీదైన బట్ట మీద కత్తెర పెట్టేముందు కాగితం మీద ఆకారం కత్తిరించి చూసుకోవడం దర్జీల పద్ధతి. ఆమె కొట్లో ఆ నమూనాలన్నీ యుద్ధకాలం నాటి పేపర్లే. తమ్ముడు యుద్ధానికి వెళ్లినప్పటి నుంచి రోజూ పేపరు కొని దాచేది. వాడిక రాడని తెలిశాక ఆ కట్టను పారేయబుద్ధి కాలేదు, చూడబుద్ధీ కాలేదు. ఒకనాడు కత్తెర తీసుకుని పెద్దక్షరాలను అడ్డంగా కోసుకుంటూ ఒక చంక ముక్క కత్తిరించింది. ప్రాణం కాస్త కుదుటపడింది. ఇక అదే అలవాటైంది.

కత్తిరిస్తూ ఆ శీర్షికల్ని పైకి చదివేది. అవి నిజమే అనుకుంటే ఆ తర్వాత ఏం జరిగి ఉండాలో చెప్పేది. రెండో స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టే మరదలు, అంటే ఆ తమ్ముడి భార్య, తల వంచుకుని వినేది.

"'తిండి లేక బెల్టులు ఉడకబెట్టుకు తింటున్న శత్రువులు'. సరే, తిన్నారు. బెల్టు తిన్నాక ప్యాంటు నిలుస్తుందా? ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో తుపాకీ పట్టుకుని పరిగెత్తాలి. అలాంటోళ్లని గెలవడానికి మనోళ్లకి అన్నేళ్లు పట్టిందా?"

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"'శత్రుసేన సమూల నాశనం'. ఇది చేతి ముక్క. వీపు ముక్క మీదా ఇదే, కాలరు మీదా ఇదే. పొద్దున చచ్చి, రాత్రికి పుట్టి, మర్నాడు మళ్లీ డ్యూటీకి వచ్చేవాళ్లన్నమాట. పాపం, వాళ్ల మంత్రసానులకి కునుకెక్కడిది."

'ప్రతి గుండీ ఒక తూటా' అని వేసిన వారంలో వీధిలో ఇత్తడి గుండీలన్నీ ఊడబెరికి విరాళం ఇచ్చేశారు. పెద్దమనుషులు సైతం పిన్నీసులతో తిరిగారు. ఆ ముక్క చేతికి వచ్చినప్పుడల్లా కత్తెరమ్మ గొంతు గట్టిపడేది. "మన గుండీలే తగిలుంటే వాడి ఒంటి మీద నాలుగేసి చిల్లులు పడాలిగా. పడలేదు. వాడు వాటిని ఏరుకుని కోటుకి కుట్టుకున్నాడు. మెడదాకా పెట్టుకుని వెచ్చగా పడుకున్నాడు."

అక్కడికి వచ్చేసరికి మరదలి నవ్వు ఆగిపోయేది. వెచ్చదనం ఊసు వస్తే ఆ ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు.

తమ్ముడు బయల్దేరే ముందు ఆమె వాడి కోటుకు లోపల ఉన్ని లైనింగు వేసి కుట్టింది. వాణ్ణి పంపేది కొండల్లోకి. ఆ పొద్దున పేపర్లో, మొదటి పేజీ నిండా, 'చలి రాకముందే విజయం' అని పడింది. "అక్కా, ఈ బరువెందుకు, విప్పేయ్. చలికాలం ఇంట్లోనే ఉంటాగా" అన్నాడు వాడు. ఆమె తన చేత్తోనే కుట్లు విప్పింది. కోట్లు కుట్టే ఇంటి పిల్లాడు పల్చటి కోటుతో వెళ్లాడు. వాడికి తూటా తగల్లేదు. కొండ మీద చలికి పోయాడు.

ఇది జరిగిన చాలా ఏళ్లకు ఒక పెద్దాయన కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. మర్యాదస్థుడు, మాట తీరు మెత్తన. పేపరాఫీసులో పనిచేసి రిటైరయ్యాడట. యుద్ధకాలంలో జనానికి ధైర్యం చెప్పినందుకు సన్మానం చేస్తున్నారట.

"మంచి ఉన్ని లైనింగు వెయ్యమ్మా. సభ తెల్లారగట్ల మైదానంలో పెట్టారు. నాకు చలి అస్సలు పడదు" అన్నాడు.

కత్తెరమ్మ కొలతలు తీసుకుని, సరిచూడటానికి ముందు భాగం నమూనా ఆయన ఛాతీకి ఆనించింది. ఆయన తల వంచి కాగితం వైపు చూసి మురిసిపోయాడు.

"అరె, ఇది నేను పెట్టిందేనమ్మా. 'చలి రాకముందే విజయం'. మూడంటే మూడే మాటలు, చూశావా? ఆ రోజు పేపరు ఒక్క కాపీ మిగల్లేదు."

మరదలి సూది కాజాలోనే ఆగిపోయింది. కత్తెరమ్మ టేపు చుట్టి మెడలో వేసుకుని, "వారంలో ఇస్తానండి" అంది. ఇన్నాళ్లూ ఆమె తిట్టుకున్నది అక్షరాలను. ఆ అక్షరాలకు ఒక మొహం ఉందని, అది ఇంత మంచిగా నవ్వుతుందని ఆమెకు తెలియదు. ఒళ్లు మండిపోయింది.

కోటు కుట్టడం అయ్యాక మరదలు మెల్లగా అడిగింది. "వదినా, లైనింగు? పెట్టెలో మా ఆయన కోటు నుంచి విప్పింది ఉంది కదా, సరిపోతుంది."

"అది ఎవరికీ కాదు" అంది కత్తెరమ్మ.

సభకు ముందురోజు పెద్దాయన వచ్చి కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. పగ ఉంటే మాత్రం, చేతిపని ఎలా చెడగొడుతుంది?

"ఎంత తేలిగ్గా ఉందమ్మా, వేసుకున్నట్టే లేదు" అంటూ లోపలికి చెయ్యి పోనిచ్చాడు. "లైనింగేదీ?"

"వెయ్యలేదండి."

"అదేంటి, చెప్పానుగా. రేపు గడ్డకట్టుకుపోతాను."

"బరువెందుకండీ. చలి రాకముందే సభ అయిపోతుందిగా."

వేళాకోళమనుకుని ఆయన నవ్వాడు. మరదలు నవ్వలేదు. ఆమె మొహం చూసి, బల్ల మీది కాగితం చూసి, ఆయన నవ్వు మానేశాడు.

"మీ వాళ్లెవరైనా..."

"మా తమ్ముడండి. ఇదిగో, దీని మొగుడు. ఆ పేపరు చూసే లైనింగు విప్పించుకున్నాడు."

"పైవాళ్లు చెప్పిన మాటమ్మా అది" అన్నాడాయన నీరసంగా. "నేను అక్షరాలు పెట్టానంతే."

"నేనూ కుట్లు విప్పానంతేనండి" అంది కత్తెరమ్మ. "తేలిగ్గా ఉందన్నారు కదా. వాడూ గుమ్మం దాటేముందు అదే మాట అన్నాడు."

ఆయన కోటు విప్పలేదు. కింది నుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ మెడదాకా వచ్చాడు. ఇక పెట్టుకోవడానికి గుండీ లేక, ఆ చేత్తోనే కాలరు బిగించి పట్టుకుని వీధిలోకి దిగాడు.